నిప్పు లోపలివైపు

మాయాబందరు
ఉత్తర అండమాన్
9 జూన్ 1983

రత్నం,

గాలి తగ్గేదాకా షిప్పు కదలదట, జెట్టీలోనే ఊగుతోంది. అందుకే నాలుగు ముక్కలు రాసే వీలు దొరికింది. పక్కింటి యర్రయ్య పోర్ట్ బ్లెయిర్ వస్తున్నాడు, ఎండు నెత్తళ్ళు అతని చేతికి ఇచ్చాను. ఈసారి ఎండ సరిగ్గా తగల్లేదు. అందగానే ఓసారి ఆరబెట్టుకో, లేకపోతే పురుగు పడుతుంది.

మీ అన్న కులాసా. ప్రభుత్వ బోటు నడిపే సరంగయ్యాక ఖాకీ చొక్కా ఇచ్చారు గదా, అది తొడుక్కున్నప్పట్నుంచి ఇంట్లో కూడా హిందీయే. నిన్న కంచం ముందు కూర్చుని "పానీ లావ్" అన్నాడు. "నీ పానీ నూతి దగ్గరే ఉంది, వెళ్ళి తాగు" అన్నాను.

ఒక సంగతి. అత్త నోట్లో గడ్డ ఉంది. మొన్న చేపముల్లు గుచ్చుకుందంటే వేలు పెట్టి తీశాను, అప్పుడు తగిలింది. అంగిలి నడిమిన పనసగింజ అంటించినట్టు గట్టిగా ఉంది. పులుసు తగిలితే భగ్గుమని మంట. నువ్వు చదువుకున్నదానివి. నోట్లో లేచే గడ్డల్లో ఏది ఊరికే పోతుంది, ఏది మనిషిని తీసుకుపోతుంది, అది ఎలా తెలుస్తుంది? వివరంగా రాయి. మీ అన్నతో నేను అనలేదు. నువ్వూ అనకు.

వదిన గురువమ్మ

*

మిన్నీ బే
పోర్ట్ బ్లెయిర్
20 జూన్ 1983

వదినా,

నెత్తళ్ళు అందాయి. పక్కింటి పిల్లి కంటే ముందు నేనే అందుకున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట భయపడ్డాను, తరువాత అనుమానపడ్డాను. నా సంగతి నీకు తెలిసిందే. కూరలో ఉప్పు సరిపోయిందని ఎవరైనా అంటే, ఎందుకన్నారా అని రెండు రోజులు ఆలోచించే మనిషిని. కాలేజీలో నేను చెప్పేది మొక్కల గురించి, నోళ్ళ గురించి కాదు. అందుకని మా వీధి చివర ఉండే బెంగాలీ పళ్ళ డాక్టరమ్మని అడిగాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. నోట్లో పొంగినదల్లా ప్రాణం మీదికి రాదు. కింది పెదవి లోపల పళ్ళ మధ్య నలిగినచోట నీటిబుడగ లాంటిది లేస్తుంది, పగులుతుంది, మళ్ళీ వస్తుంది. నాలుక కింద కూడా ఉమ్మినీరు దారి మూసుకుపోతే కప్ప పొట్టలా ఉబ్బుతుంది. పుచ్చిన పన్ను పక్కన చిగురు చీము పడుతుంది, అది సలుపుతుంది. అంగిలి నడిమిన రాయిలా గట్టిగా, నొప్పి లేకుండా, ఏళ్ళ తరబడి ఒకేలా ఉంటే అది చాలాసార్లు ఉత్త ఎముకే. భయపడవలసినవి వేరు. మానని పుండు, అంచులు గట్టిపడి లేచిన పుండు, ఎర్రగానో తెల్లగానో ఉండి వారాలైనా పోని మచ్చ. "నొప్పి లేదని ఊరుకోకండి, నొప్పి కొలబద్ద కాదు" అంది ఆవిడ. ఈ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఒంట్లో ఏదైనా చెడితే ఒళ్ళే చెబుతుందని ఇంతకాలం నమ్మాను.

అమ్మ అడ్డపొగ మనిషి. ఊహ తెలిసినప్పట్నుంచి చుట్టని నిప్పు లోపలికి పెట్టే కాల్చింది. గాలికి ఆరదట, తడిచేతులతో వల లాగేటప్పుడు పట్టుకోనక్కర్లేదట. ఆ నిప్పంతా అంగిలి మీదే గదా. అందుకే అడుగుతున్నాను, గడ్డ కదులుతుందా, మెత్తగా ఉందా, ఎప్పటినుంచి? ఇంకొకటి కూడా అడగాలి. కన్నతల్లి నోట్లో గడ్డ కొడుక్కి తెలియకూడని విషయం ఎలా అయింది?

జవాబు ఈ షిప్పుకే పంపు.

రత్నం

*

మాయాబందరు
3 జూలై 1983

రత్నం,

ఉత్తరం రాస్తావనుకుంటే పరీక్ష పేపరు పంపావు. సరే, రాస్తున్నాను.

కదలదు. కుడివైపు చివరి దంతానికి లోపలగా ఉంది. నడుమ తోలు లేచి ఎర్రగా, చుట్టూ అంచు కాస్త పొంగి ఉంటుంది. నాలుకతో తడిమితే గరుగ్గా తగులుతుంది. నొప్పి లేదు. వేడి టీ, పులుసు మాత్రం పడవు. సంక్రాంతి తరువాత మొదలైంది, మధ్యలో తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది.

ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళాను. వరసలో బెంగాలీలు, రాంచీవాళ్ళు, బర్మా కరెన్‌లు, అందరూ ఉన్నారు. కాంపౌండరు అందరి ముందూ అడిగాడు, "బీడీ సిగరెట్ పీతీ హై క్యా?" నహీ అన్నాను. మరేం చెప్పమంటావు? మేం నిప్పు నోట్లో పెట్టుకుంటాం భయ్యా అని చెప్పనా? అక్కడున్న వాళ్ళందరూ నవ్వరూ? అతను ఊదారంగు మందు రాసి పంపాడు. నాలుగు రోజులు మంట తగ్గింది, మళ్ళీ మొదలైంది.

అత్త నోరు తెరవదు, నా వేలు కొరుకుతానంటోంది. మీ అన్నకి చెప్పకపోవడం అంటావా, అతనికి ఏది చెప్పినా మూడు దీవులకి వినిపించేలా అరుస్తాడు. అంతకంటే ఏమీ లేదు. నువ్వు ఉన్నదానికీ లేనిదానికీ ముడి పెట్టకు.

వదిన

*

మిన్నీ బే
12 జూలై 1983

వదినా,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మొదటిదాంట్లో అంగిలి నడిమిన పనసగింజలా గట్టిగా అన్నావు. రెండోదాంట్లో కుడివైపు, తోలు లేచి, గరుగ్గా అన్నావు. వేలు పెట్టనివ్వదంటూనే తడిమితే ఎలా ఉంటుందో రాశావు. ఆసుపత్రికి అమ్మని తీసుకెళ్ళావా, నువ్వొక్కదానివే వెళ్ళి వచ్చావా? "వెళ్ళాను" అని ఉంది, "వెళ్ళాం" అని లేదు.

నేను నిన్ను నమ్మడం లేదని కాదు. కానీ ఏదో దాస్తున్నావనిపిస్తోంది. అమ్మకి ఎక్కువగా ఉందా? లేచి తిరుగుతోందా? లేక ఇంట్లో ఏదైనా మాటా మాటా వచ్చి, ఇదొక సాకా? ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను, కొట్టేస్తే నువ్వు వెలుతురుకి పెట్టి మరీ చదువుతావని తెలిసి ఉంచేశాను.

వచ్చే షిప్పుకి అమ్మని పంపు. డాక్టరమ్మకి స్వయంగా చూపిస్తాను. అన్నయ్యతో, రత్నం చూడాలంటోందని చెప్పు, చాలు.

రత్నం

*

మాయాబందరు
22 జూలై 1983

రత్నం,

అత్తని యర్రయ్య పెళ్ళాం యర్రమ్మతో పంపుతున్నాను, ఆవిడ కూతురి పురిటికి వస్తోంది. మూటలో రెండు చీరలు, ఉన్నికోటు, చుట్టల కట్ట ఉన్నాయి. కట్ట తీసేస్తే షిప్పు ఎక్కనంది, పెట్టేశాను.

సాకా అని అడిగావు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ తలకి నూనె రాసినదాన్ని నేను. నెలకో ఉత్తరం రాసినదానివి నువ్వు. చదువుకున్నవాళ్ళకి అనుమానం ఎక్కువంటారు, నిజమే కాబోలు.

డాక్టరమ్మ ఏమంటుందో ప్రతి మాటా రాయి. గడ్డ గురించే కాదు, నేను రాసిన ఆ పుండు గురించి కూడా అడుగు. అలాంటిదుంటే మందుకి మానుతుందా, కోస్తారా, కోస్తే మాట వస్తుందా, అన్నీ అడుగు. మరిచిపోకు.

గురువమ్మ

*

మిన్నీ బే
4 ఆగస్టు 1983

వదినా,

అమ్మ క్షేమంగా చేరింది. షిప్పులో అందరూ వాంతులు చేసుకుంటుంటే తను మాత్రం డెక్కు మీద కూర్చుని ఖలాసీలకి గాలి ఎటు తిరుగుతుందో చెప్పిందట. చెప్పిన దిక్కుకే తిరిగిందట.

డాక్టరమ్మ చూసింది. నోరు తెరవడానికి అమ్మ బేరమాడింది, తెరిచాక మూయడానికి ఒప్పుకోలేదు. తన పళ్ళన్నింటికీ కథలు చెప్పింది. అంగిలి నడిమిన ఉన్నది ఎముకే. పుట్టుకతోనో పడుచుతనంలోనో లేచి ఉంటుంది, కోయనక్కర్లేదు, ఏమీ చేయనక్కర్లేదు. ఇది కుటుంబాల్లో వస్తుందని ఆవిడ అనగానే నేను నాలుకతో తడుముకున్నాను. నాకూ ఉంది వదినా, చిన్న గట్టులా. నలభై మూడేళ్ళు నా నోట్లో ఉన్నదాని సంగతి నాకు తెలియదు. ఇది తలుచుకుంటే నాకు తెలుసనుకున్నవన్నీ అనుమానంగానే ఉన్నాయి.

చుట్ట వల్ల అంగిలంతా తెల్లగా మందమై, అక్కడక్కడా ఎర్రచుక్కలున్నాయి. మానెయ్యాలి, మూడు నెలలకోసారి చూపించాలి అంది. అమ్మ బుద్ధిగా తల ఊపి, ఇంటికి రాగానే అగ్గిపెట్టె ఎక్కడని అడిగింది.

కానీ కుడివైపు ఏమీ లేదు. పుండు లేదు, పొంగు లేదు, ఊదామందు జాడ లేదు. డాక్టరమ్మ అద్దం పెట్టి రెండోసారి కూడా వెతికింది. ఇంటికొచ్చి అమ్మ నా చింతపులుసులో పచ్చిమిరపకాయలు నంజుకుని తింది. మంట లేదా అంటే, "నాకేటి మంట? ఏ నోటితో సెప్పింది అది?" అంది.

ఏ నోటితో చెప్పావు వదినా? రెండు నెలలు లేని పుండుకి రంగు, రుచి, తేదీ కల్పించి ఎందుకు రాశావు? అమ్మని నా దగ్గరికి తోలాలనుకుంటే ఒక్క మాట రాస్తే సరిపోయేది. నేను వద్దనేదాన్నా?

రత్నం

*

మాయాబందరు
16 ఆగస్టు 1983

రత్నం,

అత్తకి ఏమీ లేదన్న మాటకి అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను. మిగతాదానికి ఏం చెప్పను? కంటికి సరిగా ఆనలేదేమో. నువ్వు ఎలా అనుకుంటే అలాగే.

నిన్న జెండా పండగకి బోటుకి రంగు కాయితాలు కట్టారు. మీ అన్న వాన పడుతున్నా చొక్కా మీద మడత పడకుండా నిలబడ్డాడు. ఇంటికొచ్చాక మాత్రం సణుగుడు. అత్త వెళ్ళి ఇన్నాళ్ళయినా ఇంట్లో చుట్టకంపు పోలేదట. గోడలకి పట్టేసి ఉంటుంది, సున్నం వేయించమన్నాను.

నేను అడిగినవాటికి నువ్వు జవాబు రాయలేదు. తెలుసుకుందామనే అడుగుతున్నాను, మరో ఉద్దేశం లేదు. అలాంటి పుండు ఎవరికైనా ఉందనుకో, కోస్తే మొహం మారిపోతుందా? మద్రాసు వెళ్ళాలా? ఎన్నాళ్ళు పడుతుంది? ఇంట్లో మగవాళ్ళ సంతకం అడుగుతారా? మొగుడికి తెలియకుండా చేయరా?

గురువమ్మ

*

మిన్నీ బే
24 ఆగస్టు 1983

వదినా,

అమ్మ ఇక్కడుంది. అమ్మ చుట్టలు ఇక్కడున్నాయి. మరి ఆ కంపు మాయాబందరులో ఎవరిది?

ఈ ప్రశ్న నాకు నీ ఉత్తరం మూడోసారి చదివినప్పుడు తట్టింది. అప్పుడు అమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"అమ్మా, వదిన చుట్ట కాలుస్తుందా?"

"ఎవులు సెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

"అడిగితే సెప్పీయాలేటి? పరీచ్చలెట్టడానికి నీకు కాలేజీలో పిల్లలు సాల్లేదా?"

నేను కదలలేదు. పొట్టు ఊదుతూ తనే అంది. "నానే అలవాటు సేసేను. విశాపట్నంలో ఓడెక్కి వొచ్చిన కాడ్నించి దానికి ఏడుపే. సుట్టూ నీరు, కళ్ళల్లో నీరు, నానెంతకని సూడను? ఓ ముక్క తుంపి ఇచ్చేను. నిప్పు లోపలెట్టుకో, ఎవులికీ అగుపడదు అన్నాను. ఏడుపు ఆగింది."

"అన్నయ్యకి తెలీదా?"

"కంపు నాదే అనుకుంటాడు. అనుకోనీ. మీ అన్న ముక్కు ఎప్పుడు పనిసేసింది?"

వదినా, నువ్వేమీ కల్పించలేదు. ఉన్నదే రాశావు. అమ్మ నోట్లో ఎముక గురించి రాస్తూ, దాని పక్కన నీ నోట్లో పుండు పెట్టావు. నాకు చెప్పడానికి నీకు ఇంకో దారి దొరకలేదు. నేనేమో తప్పులు దిద్దుతూ కూర్చున్నాను.

సంక్రాంతి తరువాత మొదలైందన్నావు. అంటే ఏడు నెలలు. డాక్టరమ్మకి పేరు చెప్పకుండా చెప్పాను. ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూసింది. "ముందు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి, అదేమిటో అప్పుడే తెలుస్తుంది, చూడకుండా ఏమీ చెప్పను, ఆలస్యం మాత్రం చేయొద్దు" అంది. మొదట్లోనే పట్టుకుంటే చిన్న కోతతో పోతుందట. మొహం మారదట. వదిలేస్తే ఆ మాట చెప్పలేనంది. వచ్చే షిప్పుకి బయలుదేరు.

రత్నం

*

మాయాబందరు
1 సెప్టెంబరు 1983

రత్నం,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. కోపంతో కాదు.

నేను రాను. రాలేను. విను ఎందుకో. ఇక్కడ జెట్టీ పిల్లలు అత్తని "ఆగ్ ఖానేవాలీ బుఢియా", నిప్పు తినే ముసలిది అని వెంటపడేవారు. మీ అన్న ఒకసారి ఇద్దరిని నీళ్ళలో తోశాడు. ఆ తరువాత మరైన్ ఆఫీసరు భోజనానికి వచ్చినప్పుడు నాకు వినపడేలా అన్నాడు, "మా అమ్మ పాతకాలం మనిషి సాబ్. మా ఇంట్లో ఆవిడతోనే ఆఖరు. మా ఆవిడ అలాంటిది కాదు." ఎంత గొప్పగా అన్నాడో. ఆ మాట అంటుంటే నేను వంటింట్లో చేపలు వేయిస్తూ నోట్లో నిప్పుతోనే ఉన్నాను. పెదవి కదపకుండా విన్నాను.

ఇన్నేళ్ళు అబద్ధంలో కాపరం చేసి ఇప్పుడు పుండు చూపించి నిజం చెప్పమంటావా? పుండు ఎందుకొచ్చిందని అడుగుతాడు. ఏం చెప్పను? చుట్ట మానేశాను, నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి. నమ్ముతావో నమ్మవో. మానేస్తే అదే మానుతుందేమో. చూద్దాం.

ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి.

గురువమ్మ

*

మిన్నీ బే
8 సెప్టెంబరు 1983

వదినా,

వదలను. చుట్ట మానేశావంటే సగం నమ్ముతున్నాను. అదే మానుతుందంటే అసలు నమ్మను. ఏడు నెలలుగా మాననిది సిగ్గుపడి మానదు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. నీ అనుమతి లేకుండా, అవును. అమ్మ చివరిదాకా వింది. తరువాత, "టెలిగ్రాం కొట్టు" అంది.

"ఏమని?"

"అమ్మకి బాగునేదు, గురువమ్మని పంపు అని. ఇన్నాళ్ళూ నా నోటి సాటునే గదా దాసుకుంది, ఇంకోపాలి దాసుకోనీ. కోడలు సేవకి వొచ్చిందంటారు. డాకటరు దాన్ని సూస్తే ఎవులికి తెలుస్తాది?"

"అన్నయ్యకి అబద్ధం చెప్పాలా?"

"నిజం సెప్పి సంపుతావా దాన్ని?"

అబద్ధం మంచిదా చెడ్డదా అని నేను తూచుకుంటూ ఉంటే అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. ఇద్దరం పోస్టాఫీసుకి వెళ్ళాం. గుమాస్తా కాగితం చదివి, తల్లి ఎక్కడుందమ్మా అని అడిగాడు. అమ్మ నా పక్కనే శనగలు నములుతోంది.

టెలిగ్రాం ఈ ఉత్తరం కంటే ముందే చేరుతుంది. భయపడకు. అమ్మ బాగానే ఉంది. నువ్వు మొహం కాస్త దిగాలుగా పెట్టుకుని షిప్పెక్కు, అంతే. డాక్టరమ్మతో మాట్లాడి ఉంచాను.

రత్నం

*

మాయాబందరు
15 సెప్టెంబరు 1983

రత్నం,

ఇది ఇవాళ సరుకు బోటులో వస్తున్న యర్రయ్య చేతికి ఇస్తున్నాను, మాకంటే ముందు చేరుతుంది. మాకంటే అన్నానని ఆగకు, చదువు.

టెలిగ్రాం మీ అన్న చేతికే వచ్చింది, జెట్టీలో. బోటు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాడు. ఆ ఖాకీ చొక్కాతోనే అరుగు మీద కూలబడి, "నేనే పంపాను గదే, బాగున్న అమ్మని పంపేశాను గదే" అని ఏడుస్తున్నాడు. ఒక్క ముక్క హిందీ లేదు. సరంగు ఏడుస్తున్నాడని వీధిలోవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నీ ఉత్తరం అప్పటికి ఇంకా రాలేదు. టెలిగ్రాం మాట నిజమో అబద్ధమో నాకూ తెలియదు. కానీ అత్త ఎలాంటి మనిషో తెలుసు గదా, నా గురించే ఏదో చేసి ఉంటారని ఒక అనుమానం. మీ ఇంట్లో అంగిట్లో ఎముకే కాదు, అనుమానం కూడా వంశంలో వస్తుంది, నాకు కాపరంతో అంటుకుంది.

నా మూలాన అతను అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. వీధివాళ్ళని పంపించేశాను. చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకొచ్చి, "అత్తకి ఏమీ లేదు, ఇటు చూడు" అని నోరు తెరిచాను.

చూశాడు. చాలాసేపు చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో నా నోట్లోకి అంత తేరిపార చూడలేదు. నేను నోరు మూయకుండానే, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, అడ్డపొగ అని చేత్తోనే చూపించాను. చెయ్యి ఎత్తాడు. కొడతాడేమో అనుకున్నాను. నా గడ్డం పట్టుకుని ఇంకాస్త పైకెత్తి, కుడిపక్కకి తిప్పి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"ఇది సంక్రాంతి నుంచి. అది ఓడ దిగిన ఏడాది నుంచి."

"ఆఫీసరు తిండికొచ్చిన రోజు కూడానా?"

తల ఊపాను. అప్పుడు అతని మొహంలో ఏముందో నాకు తెలియదు, రత్నం. కోపం ఉంది. కోపం ఒక్కటే అయితే నాకు తెలిసేది. లేచి వెళ్ళి చొక్కా మార్చుకుని వచ్చాడు, పాత చొక్కా. "మూట కట్టు" అన్నాడు. ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. కానీ నాకు వేడి అన్నం పడదని తెలిసి, విసురుకుంటూ చల్లార్చి కంచంలో పెట్టాడు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి వినిపించాను. అత్త శనగలు నమిలిన చోట మళ్ళీ చదవమన్నాడు. అయినా నమ్మడం లేదు. "అమ్మకి నిజంగానే ఏదో అయింది, నన్ను ఓదార్చడానికి ఈ పుండు కథ అల్లారు మీరిద్దరూ" అంటున్నాడు. నా నోరు చూసినవాడే ఈ మాట అంటున్నాడు, ఏం చేయను? ఆసుపత్రికి ముందు అమ్మ దగ్గరికే వెళ్దామని పట్టుబట్టాడు.

షిప్పు వచ్చే గురువారం. నువ్వు అత్తని రేవుకి తీసుకురా. జెట్టీ మీద నిలబడి కనిపించాలి, వీలైతే ఎవరినో తిడుతూ వినిపించాలి. ఆవిడని చూస్తేగాని మీ అన్న నన్ను డాక్టరమ్మ గుమ్మం ఎక్కించడు.

నాకు భయంగా ఉంది. వస్తున్నాను.

గురువమ్మ